మైక్రోనేషియా భాషల్లో ఏ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో పట్టుకోవడం ఎలా

డిక్షనరీ తెరవడం తర్వాత సంగతి, ముందు పసిఫిక్ సముద్రంలోని ఈ మైక్రోనేషియా దీవుల్లో ఏ దీవిని ఎవరు ఎప్పుడు ఏలారో ఒకచోట రాసి పెట్టుకోండి. గ్వామ్‌లో 1668లో స్పెయిన్ మిషన్ మొదలైంది, 1898లో అది అమెరికా చేతికి పోయింది. ఉత్తర మరియానా, కరోలిన్, పలావ్ దీవుల్ని మాత్రం స్పెయిన్ 1899లో జర్మనీకి అమ్మేసింది, 1914లో జపాన్ వచ్చి వాటిని లాక్కుని రెండో ప్రపంచ యుద్ధం దాకా ఉంచుకుంది, ఆ తర్వాత అమెరికా. కిరిబాటి వైపు బ్రిటిష్ వాళ్ళు. గ్వామ్‌లో జపాన్ ఉన్నది 1941 నుంచి 44 దాకానే, పక్కనే ఉన్న సైపాన్‌లో మాత్రం ముప్పై ఏళ్ళు, కాబట్టి రెండుచోట్లా స్థానిక భాష చమొర్రో ఒకటే అయినా జపనీస్ మాటలు వెతకాలంటే సైపాన్ వైపు వెళ్ళండి.

ఇప్పుడు మాట చూడండి. పలావ్‌లో కరెంటు దెంకి, ఆసుపత్రి బియోఇంగ్, రెండూ జపనీసే. కిటికీ మాత్రం బెన్‌స్టర్, అది జర్మన్ ఫెన్‌స్టర్, పలావ్ భాషలో సొంతంగా ఫ శబ్దం లేదు కాబట్టి బ అయిపోయింది. జర్మన్లు అక్కడ ఉన్నది పదిహేనేళ్ళే, అయినా ఆ మాట నిలబడింది, నాకైతే భలే ఇష్టం ఇలాంటివి.

చమొర్రోలో స్పానిష్ ఎంత లోతుకి వెళ్ళిందంటే అంకెలు కూడా మారిపోయాయి, హచా, హుగ్వా, తులు అనే పాత లెక్క పోయి ఉనో, దోస్, త్రెస్ వచ్చాయి. ఇది చూసి చాలామంది చమొర్రో అంటే స్పానిష్ యాసే కదా అనేస్తారు, దయచేసి అలా అనకండి, వింటే బాధేస్తుంది. పాడటానికి వాడే కాంతా స్పానిష్ మాటే, కానీ వాక్యంలోకి వచ్చేసరికి మధ్యలో ఉమ్ దూరి కుమాంతా అవుతుంది, ఆ ఉమ్ అచ్చంగా వాళ్ళదే. అందుకని మాట పుట్టుక ఒక్కటే చూస్తే చాలదు, దానికి ఏం తగిలించారో కూడా చూడాలి.

ఒకేలా ఉన్నంత మాత్రాన అరువు అనుకోవద్దు. పాత చమొర్రో లెక్కలో ఐదు లిమా, మలయ్‌లోనూ లిమానే, ఎవరూ ఎవర్నుంచీ తీసుకోలేదు, రెండూ ఒకే మూలం నుంచి పుట్టిన ఆస్ట్రోనేషియన్ భాషా కుటుంబానివి. ఇంకో చిక్కు, చమొర్రో, పలావ్ భాషలు ఆ ప్రాంతంలోనే ఉన్నా ఆ కుటుంబంలోని మైక్రోనేషియన్ శాఖలోకి రావు, చూక్, పోన్‌పే, మార్షల్, కిరిబాటి భాషలు వస్తాయి.

చివరిగా స్పెల్లింగ్. కిరిబాటి భాషలో టి అని రాసింది స లాగా పలుకుతారు, కాబట్టి దేశం పేరు కిరిబస్, అంటే గిల్బర్ట్స్ అనే ఇంగ్లీష్ పేరే అక్కడివాళ్ళ నోట్లో అలా మారింది. కిరిటిమాటి అని రాసున్న దీవి పేరు నోటితో పలికితే క్రిస్మస్ బయటపడుతుంది. అందుకే కళ్ళతో చదివి తేల్చేయకండి, వీలైతే ఆ దీవి వాళ్ళ రికార్డింగ్ ఒకటి విని అప్పుడు నిర్ణయించుకోండి.