ఊరి మట్టితో చిన్న ఇల్లు – 4వ పాఠం: చూరు కొలత

గత పాఠంలో మట్టిని సీసాలో నీళ్ళతో కలిపి, ఇసుక ఎంత, బంక ఎంత అని తేల్చుకున్నాం. ఆ మట్టితో ఏడడుగుల గోడ లేచిందనుకుందాం. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన పడే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ గోడ ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది మట్టి నాణ్యత కంటే చూరు మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందుచేత ఈ పాఠమంతా చూరు లెక్కకే కేటాయిస్తున్నాను. ఒక గళ్ళ కాగితం, స్కేలు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఒక గడిని ఆరంగుళాలుగా తీసుకోండి.

ముందు నేల గీత గీసి, దానిపై రెండడుగుల ఎత్తున రాతి పీఠం గీయండి. చూరు నుంచి జారిన నీరు నేలను తాకి తిరిగి చిమ్మే ఎత్తు అడుగు, అడుగున్నర దాకా ఉంటుంది కాబట్టి పీఠం అంతకు తగ్గకూడదు. టెక్కలి పరిసరాల్లో గ్రానైటు క్వారీల దగ్గర మిగిలే రాళ్ళు ఈ పనికి బాగా సరిపోతాయి. పీఠం మీద ఏడడుగుల గోడ, గోడ మీద కప్పు వాలు గీయండి. పెంకుల కప్పుకు అడుగు పొడవుకు ఏడంగుళాల వాలు, అంటే సుమారు 30 డిగ్రీలు చాలు. తాటికమ్మల కప్పుకు అడుగుకు అడుగు, అంటే 45 డిగ్రీలు కావాలి. అంతకంటే తగ్గితే నీరు త్వరగా జారక కమ్మ నాని కుళ్ళుతుంది.

ఇప్పుడు చూరును గోడ నుంచి మూడడుగులు బయటకు లాగండి. పెంకుటింట్లో చూరు అంచు గోడ తల కంటే 21 అంగుళాలు కిందికి దిగుతుంది. గాలితో కూడిన వాన 45 డిగ్రీల ఏటవాలుగా కొడుతుందనుకుంటే, అంచు మట్టం నుంచి మరో 36 అంగుళాల మేర గోడ తడవదు. మొత్తం 57 అంగుళాలు భద్రం. 84 అంగుళాల గోడలో కింది 27 అంగుళాలు తడుస్తుంది. అదే తాటికమ్మల కప్పయితే అంచు 36 అంగుళాలు దిగుతుంది కనుక 72 అంగుళాలు భద్రం, తడిసేది 12 అంగుళాలే.

ఇంకొంచెం ముందుకు పోయి, చూరును ఆరడుగులకు లాగి చూడండి. తాటికమ్మల వాలులో అంచు ఆరడుగులు దిగి, నేలకు మూడడుగుల ఎత్తున ఆగుతుంది. ఉత్తరాంధ్ర తీరం వెంబడి ఉండే చుట్టిళ్ళ ఆకారం మీ కాగితం మీదే కనబడుతుంది. చూరు దాదాపు నేలను అంటుతున్నట్టుండే ఆ గుండ్రని ఇళ్ళలోకి నడుము వంచి వెళ్ళవలసి రావడాన్ని చాలామంది పేదరికానికి గుర్తుగా చూస్తారు. నా దృష్టిలో అది గోడను కాపాడే కొలత. గుండ్రని గోడకు గాలి నిలువుగా తాకే పొడవైన పక్క లేకపోవడం మరో లాభం.

అయితే లెక్క ఇక్కడితో తీరదు. వానకు చూరు ఎంత పొడవుంటే అంత మంచిది. గాలికి ఎంత పొడవుంటే అంత చెడ్డది. చూరు కింద దూరిన గాలి పైకి నెడుతుంది, పైనుంచి వీచే గాలి అదే భాగాన్ని పైకి పీలుస్తుంది. భారతీయ ప్రమాణాల్లో విశాఖపట్నానికి లెక్కించే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగం వద్ద ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువుతో సమానం. గాలి వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగింతలవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసినప్పుడు ఈ లెక్క ఎవరూ చెప్పకుండానే అందరికీ అర్థమైంది. తుపాను కేంద్రం మీదుగా పోయే ఊళ్ళలో గాలి మొదట ఒక దిక్కు నుంచి, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి వీస్తుంది కనుక ఒక్క పక్కనే కట్టుదిట్టం చేస్తే చాలదు.

ఈ రెండింటి మధ్య నేను అనుసరించే పద్ధతి కప్పును రెండుగా విడదీయడం. అసలు కప్పు చూరును అడుగున్నరకే ఆపి, దాని కిందనుంచి పంచ (వరండా) కప్పును వేరుగా, సొంత గుంజల మీద దించాలి. పంచ వాసాలను ఇంటి వాసాలకు పొడిగింపుగా వేయకూడదు. అలా వేస్తే లేచిన పంచ ఇంటి కప్పును కూడా వెంట తీసుకుపోతుంది. విడిగా ఉంటే పంచ పోయినా ఇల్లు దక్కుతుంది. పంచ నేలను ఇంటి నేల కంటే ఒక అడుగు దించితే తలకు తగలకుండా కూడా ఉంటుంది. ఇక ఇంటి వాసాలను మట్టిగోడకు కట్టి ప్రయోజనం లేదు. మట్టి బరువును మోస్తుంది గానీ లాగుడుకు ఆగదు. గోడలో నిలిపి, పునాదిలోకి పాతిన గుంజలకే వాసాలను కట్టాలి.

గోడలో తడిసే కింది భాగానికి సున్నపు పూత వేయండి, సిమెంటు వద్దు. మొదట్లో నేనూ ఒక గోడకు గట్టిదనం వస్తుందని సిమెంటు పూశాను. పగుళ్ళలోంచి దూరిన నీరు బయటకు ఆరే దారిలేక, రెండు వానాకాలాలు తిరిగేసరికి పూత పలకలుగా ఊడి, వెనక మట్టి ముద్దగా మారింది.

వచ్చే పాఠం లోపు మీ ఊళ్ళో మిగిలిన ఒక పాత మట్టిల్లు దగ్గరకు వెళ్ళి, ఇంటివారి అనుమతితో పీఠం ఎత్తు, గోడ ఎత్తు, చూరు పొడవు, చూరు అంచు నేలకు ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలిచి పై లెక్కలో వేసి చూడండి. గోడ మీద తడి మరకలు ఏ ఎత్తు వరకు ఉన్నాయో, ఏ దిక్కు గోడకు ఎక్కువగా ఉన్నాయో కూడా రాసుకోండి. ఆ కొలతలతోనే 5వ పాఠంలో గుంజల లోతు, నిట్రాట (కప్పు నడిమి భాగాన్ని మోసే నిలువు స్తంభం) మందం నిర్ణయిస్తాం.