దిగులుకు కుంకుమ పువ్వు, పసుపు: ఎంత, ఎలా, ఎవరికి వద్దు

పోపుల పెట్టెలో ఉన్నదంతా డిప్రెషన్‌కి మందేనని ఫోన్లలో తిరిగే సందేశాలు చెబుతుంటాయి. మనుషుల మీద పరీక్షించి చూసినప్పుడు కాస్తయినా ఫలితం కనిపించినవి ముఖ్యంగా రెండు: కుంకుమ పువ్వు, పసుపు. (మొదటిది మన ఇళ్లలో పోపుల పెట్టెలో కాదు, బీరువాలో ఉంటుందనుకోండి.) ఈ రెండూ డాక్టరు రాసిన మాత్రకు తోడుగా ఉండాల్సినవే, దాని స్థానంలోకి వచ్చేవి కావు. మాత్రలు వేసుకుంటున్నవాళ్లు ఉన్నట్టుండి మానేసి వీటిని కలిపిన పాలు మొదలుపెడితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, దిగులు ఇంకా పెరగడం జరగొచ్చు.

దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ తప్పడం రెండు వారాలు దాటాయంటే ముందు డాక్టర్ని కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే వంటింటి సంగతి పక్కన పెట్టి వెంటనే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

కుంకుమ పువ్వు

టెహ్రాన్ పరిశోధకులు 2004లో 30 మంది మీద, 2005లో 40 మంది మీద రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఆరు వారాలు ఇచ్చి చూశారు. ఒక్కోసారి కుంగుబాటుకు (డిప్రెషన్‌కి) వాడే ఒక్కో పాత మందుతో పోల్చారు: మొదట ఇమిప్రమిన్, తర్వాత ఫ్లూఓక్సెటిన్. ఓ మోస్తరు కుంగుబాటు ఉన్నవాళ్లలో ఫలితం ఇంచుమించు సమానంగా వచ్చింది. అయితే మనుషులు తక్కువ. పైగా వాళ్లిచ్చింది పువ్వు నుంచి తీసి ఎండబెట్టిన సారం, క్యాప్సూళ్లలో నింపి. మనం పాలలో వేసే పోగుల్లో ఆ బలం ఉండదు. కాబట్టి అదే ఫలితం వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

గ్రాము కుంకుమ పువ్వుకు దాదాపు 150 పూలు కావాలి, పువ్వుకు మూడు పోగులు. ఆ లెక్కన 30 మిల్లీగ్రాములంటే 13, 14 పోగులు. గ్రాము డబ్బా నెలకు వస్తుంది. చిటికెడు అని చేతికొచ్చినంత వేస్తే పది రోజుల్లో అయిపోతుంది.

కొనేటప్పుడు పొడి కొనొద్దు, పోగులే కొనాలి. నాలుగు పోగులు చన్నీళ్లలో వేసి పావుగంట చూడండి. అసలుదైతే నీళ్లు మెల్లగా బంగారు పసుపుకు తిరుగుతాయి, పోగు ఎర్రగానే ఉంటుంది. రంగు వేసిన కుసుమ పువ్వో మొక్కజొన్న పీచో అయితే వేసీ వేయగానే నీళ్లు ఎర్రబడి పోగు పాలిపోతుంది. నాలుక మీద పెడితే చేదుగా ఉండాలి. తియ్యగా ఉందంటే బరువు కోసం పాకం పట్టించారన్నమాట.

పోగులను అర చెంచా పంచదారతో చిన్న రోట్లో మెత్తగా నూరండి. రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు పోసి ఇరవై నిమిషాలు మూత పెట్టండి. ఆ నీళ్లను కప్పు వేడి పాలలో కలుపుకోండి. తెర్లుతున్న పాలలో పోగులు అలాగే వేస్తే వాసన ఆవిరైపోతుంది, సగం పోగులు గ్లాసు అడుగునే అంటుకుపోతాయి.

పసుపు

ఇక్కడ లెక్క చూసుకోవాలి. పసుపులో పనిచేసే కుర్కుమిన్ సుమారు నూటికి మూడు పాళ్లు. టీస్పూన్ పసుపు మూడు గ్రాములనుకుంటే అందులో 90 మిల్లీగ్రాములు. కుంగుబాటు మీద పరిశోధనల్లో ఎక్కువగా ఇచ్చింది రోజుకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు. అంత చేరాలని చెంచాల కొద్దీ తాగితే కడుపులో మంట వస్తుంది. పసుపులో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి కిడ్నీ రాళ్ల భయం కూడా. పసుపు పాలను మందుగా కాక మంచి అలవాటుగా చూస్తే చాలు.

కుర్కుమిన్ నీళ్లలో కరగదు, ఒంటికి సులువుగా పట్టదు. అందుకే నెయ్యి, మిరియాలు. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు 1998లో కుర్కుమిన్‌కి 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి ఇచ్చినప్పుడు అది రక్తంలోకి చేరడం ఎన్నో రెట్లు పెరిగింది. మిరియాలకు ఘాటునిచ్చేది ఆ పైపరినే.

చెంచా నెయ్యి సన్న సెగ మీద కరిగించి అర టీస్పూన్ పసుపు వేసి అర నిమిషం కలపండి. రంగు ముదిరితే మాడినట్టే, చేదొస్తుంది, పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. ముప్పావు కప్పు పాలు, పావు కప్పు నీళ్లు పోసి ఐదు నిమిషాలు మరిగించండి. దించాక ఐదారు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి వేయండి. బెల్లం కావాలంటే పాలు కాస్త ఆరాకే. పొయ్యి మీద వేశారో, విరిగిపోతాయి.

మరీ నిగనిగలాడే పచ్చటి విడి పొడిలో సీసం ఉన్న రంగు కలిపే అవకాశం ఉంది. రోజూ తాగేవాళ్లు కొమ్ములు కొని మర పట్టించుకోవడం మేలు.

ఎవరికి వద్దు

కుంగుబాటుకు మాత్రలు వాడుతున్నవాళ్లు కుంకుమ పువ్వు రోజూ తీసుకోవాలంటే డాక్టర్ని అడిగి తీరాలి, రెండూ మెదడులో మనసు తీరును ప్రభావితం చేసే సెరటోనిన్ అనే రసాయనం మీదే పనిచేయొచ్చు. బైపోలార్ (కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు అసలు సొంతంగా మొదలుపెట్టకూడదు. బిడ్డ తెల్లగా పుడతాడని గర్భిణులకు కుంకుమ పువ్వు పాలు పట్టే అలవాటు మనకుంది. రంగు సంగతి ఉత్తమాట, మోతాదు పెరిగితే గర్భాశయానికి మంచిది కాదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు పసుపు కూరలకే పరిమితం చేసుకోండి. మిరియాలు ఫిట్స్ మందు ఫెనిటాయిన్ లాంటి వాటి పాళ్లు రక్తంలో పెంచుతాయి. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లు దానికీ పసుపు పాలకూ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి.

నిద్ర కోసం జాజికాయ అరగదీసి పాలలో కలిపేవాళ్లు చిటికెడు దాటకండి. ఐదు గ్రాములు, అంటే ఇంచుమించు ఒక కాయ, కడుపులో పడితే మైకం, గుండె దడ, లేనివి ఉన్నట్టు కనిపించడం మొదలవుతాయి. పైగా ఇది గంటల తర్వాత ఎక్కుతుంది, పనిచేయలేదని ఇంకొంచెం వేసుకున్నవాళ్లే ఆసుపత్రి పాలవుతారు.

మొదలుపెట్టిన రోజు నుంచి రాత్రి పడుకోబోయే ముందు క్యాలెండర్ మీద ఆ రోజు మనసుకు పదికి ఎన్ని మార్కులో వేసుకోండి. ఆరు వారాలకూ ఆ అంకె కదల్లేదంటే ఇంకో గ్రాము కొనకండి. ఆ డబ్బుతో థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. ఈ మూడింటిలో ఏది తేడా ఉన్నా అచ్చం ఇలాంటి నీరసం, దిగులే ఉండొచ్చు.