ఎండాకాలంలో కుక్కను, పిల్లిని వడదెబ్బ నుంచి ఎలా కాపాడుకోవాలి?

ఎండలో తిరిగితే మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, అది ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకు, పిల్లికి ఆ వీలు లేదు. వాటికి చెమట పట్టేది ముఖ్యంగా పాదాల కింది మెత్తల్లోనే, అది ఏ మూలకూ చాలదు. కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతూ, నోట్లోని తడి ఆవిరైపోయేలా చేసి వేడి తగ్గించుకుంటుంది. పిల్లి ఒళ్లు నాక్కుంటూ బొచ్చు తడుపుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఈ తడి కూడా సరిగా ఆరదు. అందుకే ఎండ పెద్దగా లేకపోయినా ఉక్కపోసే రోజున కూడా జాగ్రత్తగా ఉండాలి.

1. మీ జంతువు ఎంత వేడి తట్టుకోగలదో ముందే అంచనా వేసుకోండి

పగ్, బుల్‌డాగ్, షిట్జు, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కు జాతులకు శ్వాసమార్గం ఇరుకు. ఎంత రొప్పినా వేడి పూర్తిగా బయటికి పోదు. ముసలివి, బాగా లావెక్కినవి, గుండె జబ్బు ఉన్నవి కూడా త్వరగా నీరసపడతాయి. మీ ఇంట్లో ఉన్నది వీటిలో ఒకటైతే కింద చెప్పినవన్నీ రెండింతలు గట్టిగా పాటించండి.

2. బయట తిప్పే వేళ మార్చండి

వడదెబ్బ అనగానే అందరికీ కారులో వదిలేసిన కుక్కే గుర్తొస్తుంది. కానీ బ్రిటన్‌లో పశువైద్యుల రికార్డులు పరిశీలిస్తే, ఎక్కువ కుక్కలకు వడదెబ్బ తగిలింది నడకలో, పరుగులో, ఆటలో. కుక్కకు యజమానితో ఆడటమంటే ప్రాణం. బంతి విసురుతున్నంతసేపూ తెస్తూనే ఉంటుంది తప్ప ఇక చాలని తనంతట తాను ఆగదు. ఆపాల్సింది మీరే.

తెల్లవారుజామున తిప్పడం అన్నిటికంటే మంచిది. సాయంత్రం ఎండ తగ్గినా రోడ్డు వేడి వెంటనే దిగదు. బయల్దేరేముందు అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచి చూడండి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. మెత్తలు కాలితే నల్లబడతాయి, పొక్కులొస్తాయి, కుక్క కుంటుతూ పాదాలు నాక్కుంటుంది. ఎండ మరీ తీవ్రంగా ఉన్న రోజు నడక మానేసినా నష్టం లేదు. ఇంట్లోనే తిండి అక్కడక్కడా దాచిపెట్టి వెతికించండి, దానికి పొద్దుపోతుంది.

నోరు బిగించే మూతికట్టు వేసి ఎండలో తిప్పకండి. దాంతో రొప్పడానికి వీలుండదు. తప్పనిసరైతే నోరు తెరవగలిగే బుట్టలాంటిది వాడండి.

3. నీళ్లు, నీడ ఎప్పుడూ అందుబాటులో ఉంచండి

ఒక్క గిన్నె చాలదు, ఇంట్లో మూడు నాలుగు చోట్ల పెట్టండి. పిల్లులకు తిండి పక్కన ఉన్న నీళ్లు అంతగా నచ్చవు కాబట్టి దూరంగా, వెడల్పు గిన్నెలో పెట్టండి. తడి ఆహారం ఇస్తే దాంతోనే కొంత నీరు అందుతుంది. నీళ్లలో ఐసు ముక్కలు వేసినా ప్రమాదం లేదు.

నీడ విషయంలో చాలామంది పొరపాటు పడేది ఒకచోట ఉంది. పొద్దున కుక్కను నీడలో కట్టేస్తారు. మధ్యాహ్నానికి నీడ జరిగిపోతుంది, గొలుసు మాత్రం అక్కడే ఉంటుంది. బయట కట్టక తప్పనప్పుడు మధ్యాహ్నం రెండింటికి ఆ చోట నీడ ఉంటుందో లేదో ముందుగా ఒక రోజు స్వయంగా చూసుకోండి. గాలి ఆడని చెక్క ఇల్లు నీడ కింద లెక్క కాదు, లోపల ఉడికిపోతుంది.

ఫ్యాను ఒక్కటే పెడితే వాటికి మనకు చేసినంత మేలు చేయదు. పొట్ట, తొడల లోపలి భాగం తడిపి ఫ్యాను కింద ఉంచితే తేడా కనిపిస్తుంది. షెడ్డు, స్టోర్ రూమ్ తలుపులు మూసేముందు పిల్లి లోపల చిక్కుకుందేమో చూడండి. గాలి కోసం కిటికీలు తెరిస్తే జాలీ తప్పనిసరి, పైఅంతస్తుల నుంచి పిల్లులు నిజంగానే జారిపడతాయి.

4. కారులో ఒక్క నిమిషం కూడా వదలకండి

బయట 24 డిగ్రీల సెల్సియస్ ఉన్నా, మూసిన కారు లోపల పది నిమిషాల్లో 34 దాకా చేరుతుంది. అద్దం కాస్త దించినంత మాత్రాన పెద్దగా ఒరిగేదేమీ లేదు.

5. బొచ్చు గొరిగించకండి, దువ్వండి

రెండు పొరల బొచ్చున్న జాతులకు ఆ బొచ్చే ఎండ నుంచి కాపు. రాలిన వెంట్రుకలు దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది. ఈ కాలంలో పిడుదులు, గోమార్లు కూడా ఎక్కువవుతాయి. అయితే కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషం, పొరపాటున కూడా వేయకండి.

6. ప్రమాద సూచనలు గుర్తుపట్టండి

కుక్క ఆగకుండా గట్టిగా రొప్పడం, చిక్కటి చొంగ, చిగుళ్లు ఎర్రగా కందిపోవడం, తూలడం, వాంతి, విరేచనాలు. పిల్లి నోరు తెరిచి రొప్పుతోందంటే దాన్ని మామూలుగా తీసుకోకండి, వెంటనే వెట్ డాక్టర్‌కు ఫోన్ చేయండి. కుక్కకు మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. ఎండలో తిరిగాక 104 దాటితే అత్యవసరమే.

7. ముందు చల్లబరచండి, తర్వాతే ఆసుపత్రి

టెన్షన్‌లో చాలామంది నేరుగా బండెక్కిస్తారు. దారిలో పోయే ఆ సమయమే ప్రాణం మీదికి తెస్తుంది. నీడకు తెచ్చి, చేతికందిన నీళ్లు ఒళ్లంతా ఆపకుండా పోయండి, గాలి తగిలేలా చూడండి. ముక్కులోకి, నోట్లోకి నీళ్లు పోకుండా తల పట్టుకోండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, కాసేపటికి అదే వేడిని లోపల పట్టి ఉంచుతుంది. స్పృహ ఉంటే తాగడానికి నీళ్లు ముందు పెట్టండి, బలవంతంగా పోయకండి. మనం వేసుకునే జ్వరం మాత్రలు అసలే వద్దు, పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది.

థర్మామీటర్ ఉంటే మలద్వారంలో పెట్టి చూస్తుండండి. 103 దగ్గరికి వచ్చాక నీళ్లు పోయడం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. థర్మామీటర్ లేకపోతే కాసేపు బాగా తడిపి, ఒళ్లు తడిగా ఉండగానే ఏసీ వేసిన కారులోనో, అద్దాలు దించిన కారులోనో బయల్దేరండి. లేచి తిరుగుతున్నా సరే, డాక్టర్‌కు చూపించాల్సిందే. కిడ్నీలు దెబ్బతినడం, రక్తం గడ్డకట్టకపోవడం లాంటివి ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడొచ్చు, రక్తపరీక్షతోనే ముందుగా తెలుస్తుంది.