రీఫ్ ట్యాంకు పెడుతున్నారా? ఎండలకు ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కొత్తగా ఉప్పునీటి రీఫ్ ట్యాంకు, అంటే సముద్రపు పగడాలనూ చేపలనూ కలిపి పెంచే ట్యాంకు, పెట్టాలనుకునేవాళ్లు ముందు క్లౌన్ చేపల జతను చూసుకుంటారు. తర్వాత ట్యాంకు కొంటారు. నీళ్ల సంగతి అన్నిటికన్నా చివర గుర్తొస్తుంది. హైదరాబాదు, విజయవాడ లాంటి ఊళ్లలో ఈ వరస తిరగెయ్యాలి. ముందు నీళ్లు, ఆ తర్వాత ఎండకూ కరెంటు కోతకూ ఏర్పాట్లు, ఆఖరున ప్రాణులు. అక్టోబరులో నీళ్లు నింపితే ఏప్రిల్ వచ్చేసరికి రాళ్లలో బ్యాక్టీరియా బాగా స్థిరపడి ఉంటుంది, చిన్నాచితకా దెబ్బల్ని ట్యాంకు తట్టుకుంటుంది. ఫిబ్రవరిలోనే మొదలుపెట్టక తప్పదంటే సామాన్లు బిగించి సైక్లింగ్ (చేపల వ్యర్థాల్ని విరగ్గొట్టే బ్యాక్టీరియాను రాళ్లలో స్థిరపడనివ్వడం) దాకా చేసుకోండి. పగడాల్ని మాత్రం వానలు పడ్డాకే తెచ్చుకోండి.

చిన్న ట్యాంకయితే తేలిక అనే మాట నమ్మొద్దు. 40 లీటర్ల నీళ్లు ఒక్క మధ్యాహ్నంలో వేడెక్కిపోతాయి, ఉప్పు శాతం కూడా అంతే తొందరగా మారుతుంది. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకులో దాదాపు 250 లీటర్లు పడతాయి. మొదటిసారికి అది మంచి కొలత. రాళ్లు, ఇసుక, అద్దం, స్టాండు కలిపితే 350 కిలోలకు తగ్గదు కాబట్టి గది నడుమ కాకుండా గోడ వారన, కింద బీమ్ ఉన్నచోట పెట్టండి. కిటికీలోంచి ఎండ నేరుగా పడకూడదు.

నీళ్లు

వంటింటి ఆర్‌వో నీళ్లు మనం తాగడానికి పనికొస్తాయి, రీఫ్‌కి పనికిరావు. వాటిలో చాలావాటికి రుచి కోసం మామూలు నీటిని కొంత కలిపే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది. ఇంకా ప్రమాదకరమైనవి, ఆరోగ్యానికి మంచిదని రాగి కలిపే రకాలు. రాగి లవలేశం ఉన్నా రొయ్యలు, నత్తలు, పగడాలు చనిపోతాయి. ఒకసారి రాళ్లలోకి, ఇసుకలోకి ఇంకితే దాన్ని వదిలించడం చాలా కష్టం. రాగి బిందెలో పట్టి ఉంచిన నీళ్లు, ఇత్తడి అమరికల్లోంచి పోయే నీళ్లు కూడా వద్దు. చేపల జబ్బుకు వాడే రాగి మందు రీఫ్ ట్యాంకులో ఒక్క చుక్క కూడా పడకూడదు.

కావాల్సింది ఆర్‌వో తర్వాత మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెసిన్ ఉన్న యూనిట్. టీడీఎస్ మీటరు పెడితే సున్నా చూపించాలి. 2 గానీ 3 గానీ చూపించడం మొదలైతే రెసిన్ మార్చే వేళయిందని అర్థం. బోరు నీళ్లలో టీడీఎస్ ఎక్కువగా ఉన్న ఇళ్లలో రెసిన్ త్వరగా అయిపోతుంది, అదనంగా ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

100 లీటర్లకు దాదాపు 3.6 కిలోల రీఫ్ ఉప్పు పడుతుంది. వంట ఉప్పు, రాతి ఉప్పు కుదరవు, వాటిలో కాల్షియం, మెగ్నీషియం సముద్రంలో ఉన్న పాళ్లలో ఉండవు. ఎప్పుడూ నీళ్లలోకే ఉప్పు పొయ్యాలి, కొంచెం కొంచెంగా, పంపు తిరుగుతుండగా. ముందు ఉప్పు పోసి దాని మీద నీళ్లు పోస్తే కాల్షియం విరిగి డ్రమ్ము అడుగున తెల్లటి సున్నపు తెట్టులా పేరుకుంటుంది, అది మళ్లీ కరగదు. ఒక రోజంతా తిరగనిచ్చి, ఉప్పు శాతం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో సాపేక్ష సాంద్రత 1.025 నుంచి 1.026 మధ్య ఉందో లేదో చూడండి. మీటరును 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు ఉప్పు) ద్రావణంతో సరిచేసుకోవాలి. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న మీటరు 35 దగ్గర తప్పు చూపించవచ్చు.

విశాఖలో ఉండేవాళ్లకు సముద్రం ఎదురుగానే ఉంది కదా అనిపిస్తుంది. ఒడ్డు నీళ్లు తేవొద్దు. వానాకాలం తర్వాత గోదావరి, మహానది, గంగ లాంటి నదుల నీళ్లు బంగాళాఖాతంలోకి చేరి తీరం వెంట ఉప్పు శాతం బాగా పడిపోతుంది. హార్బరు నుంచి, మురుగు కాల్వల నుంచి వచ్చేది దానికి అదనం.

ట్యాంకులోంచి ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తగ్గిన మేరకు ఉప్పునీళ్లు పొయ్యడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. లెక్క చూడండి: 200 లీటర్ల ట్యాంకు, ఎండాకాలంలో ఫ్యాన్ పెడితే రోజుకు 4 లీటర్లు తగ్గిందనుకుందాం. మూడు రోజులు వదిలేస్తే 35 ఉన్న ఉప్పు 37 దాటుతుంది. అంత మార్పుకు పగడాలు ముడుచుకుపోతాయి. డీఐ నీటినే రోజూ పొయ్యాలి, వీలుంటే తగ్గిన నీటిని తనంతట తానే నింపే ఆటో టాప్ఆఫ్ బిగించాలి.

సైక్లింగ్ గురించి తొందరపడకండి. ఎండు రాళ్లతో మొదలుపెట్టి, సీసా బ్యాక్టీరియా వేసి, అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వచ్చేలా కలపండి. ఆ 2 పీపీఎం 24 గంటల్లో సున్నాకు దిగి, అమ్మోనియా నుంచి పుట్టే నైట్రైట్ కూడా సున్నా చూపించాకే మొదటి చేప. మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ తర్వాత రాళ్ల మీద గోధుమరంగు పొడిలాంటి డయాటమ్‌లు వస్తాయి. మందులేవీ వెయ్యకండి, వాటంతటవే పోతాయి.

ఎండ

పగడాలకు 25 నుంచి 27 డిగ్రీలు హాయి. 30 దాటి కొన్ని రోజులు ఉంటే వాటి లోపల బతికే నాచును బయటికి తోసేసి తెల్లబడతాయి. నీటి ఉపరితలం మీదుగా గాలి కొట్టేలా చిన్న ఫ్యాన్ బిగిస్తే 2, 3 డిగ్రీలు తగ్గుతుంది. అయితే ఇది హైదరాబాదు పొడి ఎండలో పనిచేసినట్టు విశాఖ ఉక్కపోతలో పనిచెయ్యదు. గాలిలోనే తేమ నిండి ఉంటే ఆవిరి తక్కువ, చల్లదనమూ తక్కువ. కోస్తాలో ఉండేవాళ్లు ఏసీ గదైనా, నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమైనా ముందే లెక్కలో వేసుకోవాలి. చిల్లర్‌ను స్టాండు లోపల మూసి పెడితే అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది, బయట గాలాడేచోట పెట్టండి. లైట్లను మిట్టమధ్యాహ్నం కాకుండా సాయంత్రం 4 నుంచి రాత్రి 12 వరకు వెలిగేలా టైమరు మార్చుకుంటే ఖర్చు లేకుండా కొంత వేడి తగ్గుతుంది. మార్చిలో హీటరు ప్లగ్గు తీసెయ్యండి. ఆగకుండా వేడెక్కుతూ ఇరుక్కుపోయిన హీటరు ఒక్క రాత్రిలో ట్యాంకంతటినీ ఉడకబెడుతుంది.

కరెంటు

వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది. మే నెలలో కరెంటు పోయి పంపు ఆగితే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఊపిరి కోసం అల్లాడతాయి. అందుకే ఇన్వర్టరు మీద నడవాల్సింది ట్యాంకులో నీటిని కదిలించే వేవ్‌మేకర్, కింది ట్యాంకు నుంచి నీళ్లను పైకి పంపే రిటర్న్ పంపు. లైట్లు, చిల్లరు కాదు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ మీద 40 వాట్ల పంపులే ఉంటే సగం ఛార్జితోనే 15 గంటలకు పైగా నడుస్తాయి. ఇల్లంతా అదే ఇన్వర్టరు మీద ఉంటే ఈ లెక్క చెల్లదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి పక్కన ఉంచండి.

కరెంటు పోగానే రిటర్న్ పైపు సైఫన్‌లా మారి, చేపలుండే పైట్యాంకు నీళ్లు స్టాండు లోపలి కింది ట్యాంకులోకి, అంటే సంపులోకి, దిగుతాయి. చేపలు వెయ్యకముందే స్విచ్ ఆపి చూడండి. నీళ్లు దిగడం ఆగాక సంపు పొంగకుండా ఉంటే, మళ్లీ పంపు వేసి, సంపులో ఏ మట్టానికి నీళ్లు నిలిచాయో అక్కడ మార్కరుతో గీత పెట్టండి. ఆ గీత దాటి ఎప్పుడూ నింపొద్దు. సైఫన్ తెగడానికి పైపుకు వేసిన చిన్న రంధ్రం నాచుతో, ఉప్పు తెట్టుతో పూడుకుపోతుంది, నెలకోసారి పుల్లతో పొడవండి.

ప్రతి వైరూ ప్లగ్గుకన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి. వైరు వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గర నేలకు రాలిపోతుంది, లేకపోతే నేరుగా సాకెట్లోకి దిగుతుంది. కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ లేకుండా ఉప్పునీళ్లలో చెయ్యి పెట్టొద్దు. ఈ ఒక్కదాంట్లో బేరం వద్దు.

ఏం కొనాలి, ఏం కొనకూడదు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలన్నీ, సీ ఫ్యాన్లు (విసనకర్రలా ఉండే పగడాలు), సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు ఉన్నాయి. మన సముద్రం నుంచి తీసిన 'లైవ్ రాక్' అంటే పగడపు రాయే. చవకగా దొరికిందని కొంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష పడే నేరంలో ఇరుక్కుంటారు. విదేశాల నుంచి వచ్చిన రాతి పగడాలకూ దిగుమతి కాగితాలు చూపించమనండి. 2022 సవరణ తర్వాత సైటిస్ (అంతరించే ప్రమాదమున్న ప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని ప్రాణుల్ని ఉంచుకుంటే నమోదు చెయ్యాలి. మొదటి ఏడాదికి మష్రూమ్ పగడాలు, లెదర్ పగడాలు, జొయాంతిడ్‌లు చాలు. ఇవి రాతి పగడాలు కావు, పైగా కొత్తవాళ్ల తప్పుల్ని కాస్త ఓర్చుకుంటాయి. చేపల్లో హేచరీలో పుట్టిన క్లౌన్ జతతో మొదలుపెట్టండి. కొత్త చేపను వేరే ట్యాంకులో 4 నుంచి 6 వారాలు ఉంచి చూడండి. తెల్లమచ్చల జబ్బు రీఫ్‌లోకి వస్తే చేపలన్నిటినీ తీసి 76 రోజులు ట్యాంకును చేపల్లేకుండా ఉంచడమే చాలామంది అనుసరించే దారి.

జొయాంతిడ్‌ల విషయంలో ఒక ప్రాణాంతకమైన ప్రమాదం ఉంది. వాటిలో కొన్నిటిలో, ముఖ్యంగా పాలిథోవాల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని ఎప్పుడూ మరిగించొద్దు, వేడినీళ్లు పొయ్యొద్దు, బ్రష్షుతో గీకొద్దు. ఆవిరిలో, తుంపర్లలో కలిసిన విషం ఇంట్లో అందరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ముట్టుకుంటే చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. తర్వాత జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లి పాలిటాక్సిన్ పేరు డాక్టరుగారికి చెప్పండి.

ట్యాంకున్న గదిలో దోమల మందు రీఫిల్, బొద్దింకల స్ప్రే, రూమ్ ఫ్రెష్‌నర్ వాడొద్దు. దోమల మందుల్లో ఉండే రసాయనాలు చేపలకు, రొయ్యలకు విషం. గోడలకు రంగులు వేయిస్తుంటే కిటికీలు తెరిచి, ఎయిర్ పంపు గాలిని బయటినుంచి తీసుకునేలా చెయ్యండి.

వేసవి సెలవులకు ఊరెళ్తే పక్కింటివాళ్లకు మేత డబ్బా ఇవ్వకండి. జాలితో రోజుకు నాలుగు చిటికెలు వేస్తారు, అమ్మోనియా పెరుగుతుంది. మాత్రలు పెట్టుకునే వారం డబ్బాలో ఒక్కో గడిలో ఒక్కో రోజు మేత సర్ది ఇవ్వండి. పక్కనే డీఐ నీళ్ల క్యాన్లు పెట్టి, రోజుకు ఎన్ని లీటర్లు పొయ్యాలో రాసిన కాగితం, ఉష్ణోగ్రత 29 దాటితే ఫోన్ చెయ్యమని మీ నంబరు, స్టాండు తలుపు లోపల అంటించి వెళ్లండి.