మేకపాలు ఎలా వాడాలి, ఎవరికి పట్టకూడదు

వానలు మొదలై డెంగ్యూ మాట వినబడగానే మా ఊళ్లో మేకలున్న ఇళ్ల ముందు టౌను బండ్లు ఆగుతాయి. మామూలు రోజుల్లో అడిగే దిక్కులేని పాలకి అప్పుడు ఎంత చెబితే అంత ధర. ప్లేట్‌లెట్లు పెరుగుతాయట, అదీ పచ్చిపాలే తాగాలట, కాస్తే గుణం పోతుందట. నేను చిన్నప్పటి నుంచి మేకపాలు ఇష్టంగా తాగుతున్నాను, మా ఇంట్లో ఇప్పటికీ మేకలున్నాయి, అయినా చెప్తున్నాను: మేకపాలతో డెంగ్యూ తగ్గుతుందని రుజువు లేదు. డెంగ్యూలో జ్వరం తగ్గే సమయానికి ప్లేట్‌లెట్లు పడిపోయి, ఆ తర్వాత చాలామందికి వాటంతట అవే పెరుగుతాయి. ఆ రెండు మూడు రోజుల్లో ఏం తాగించినా పేరు దానికే వస్తుంది. కాచిన పాలు ఒక గ్లాసు తాగితే తప్పేం లేదు గానీ, వాటిని నమ్ముకుని ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యం చేయకండి. పచ్చిపాలు మాత్రం అసలు వద్దు, ఉన్న జ్వరానికి తోడు ఇంకో జ్వరం తగులుతుంది.

ఆ ఇంకో జ్వరం పేరు బ్రూసెల్లోసిస్. వారాల తరబడి జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, చెమటలు పడతాయి, నడుము, కీళ్లు విపరీతంగా నొప్పి పెడతాయి. దీన్ని ఒకప్పుడు మాల్టా జ్వరం అనేవాళ్లు, మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో ఉన్న బ్రిటిష్ సైనికులకి ఎక్కువగా వచ్చేది. 1887లో డేవిడ్ బ్రూస్ అనే డాక్టరు ఆ సూక్ష్మజీవిని పట్టుకున్నాడు, అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియడానికి మాత్రం 1905 దాకా పట్టింది. చూడ్డానికి ఏ జబ్బూ లేని మేకల్లోనే అది ఉందని మాల్టా డాక్టరు తెమిస్టోక్లిస్ జమ్మిట్ తేల్చాడు. సైన్యానికి మేకపాలు ఆపేశాక జ్వరాలు బాగా తగ్గిపోయాయి. అందుకే "మా మేక బాగానే ఉంది, తెలిసిన వాళ్ల మేకే" అన్న మాట చాలదు.

కాచే పద్ధతి పెద్ద కష్టం కాదు. పితికిన పాలని శుభ్రమైన పల్చటి గుడ్డలో వడకట్టి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి మధ్యస్థం మంట మీద పెట్టండి, అడుగంటకుండా కలుపుతూ ఉండండి. పొంగు వచ్చాక మంట తగ్గించి ఇంకో రెండు మూడు నిమిషాలు మరగనిస్తే చాలు. అంతకంటే గంటలు గంటలు మరిగిస్తే రుచి పాడవడం తప్ప లాభం లేదు. కాచాక త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకుని ఒకటి రెండు రోజుల్లో వాడేయండి.

వాసన గురించి అందరూ అడుగుతారు. మేకపాలకి ఆ వాసన తప్పదని అనుకుంటారు గానీ, తాజాగా పితికిన మంచి పాలకి పెద్దగా ఉండదు. పాడిమేకల పక్కనే మేకపోతుని కట్టేసినా, పొదుగు కడగకుండా పితికినా, పచ్చిపాలు గంటల తరబడి బయటే ఉంచినా వస్తుంది. కొనేటప్పుడు ఈ మూడూ ఒకసారి గమనించండి. ఇంకో మాట కూడా అడగండి: మేకకి ఈమధ్య ఇంజెక్షన్ ఏదైనా వేయించారా అని. యాంటీబయాటిక్ వేశాక పశువుల డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు మనం తాగకూడదు. పాలలో గడ్డలు, రక్తపు జీర కనిపిస్తే అది పొదుగువాపు కావచ్చు, ఆ పాలు పారబోయాల్సిందే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది పసిపిల్లల సంగతి. తల్లికి పాలు చాలకపోతే మేకపాలు పట్టమని మన పెద్దవాళ్లు చెప్తారు, ప్రేమతోనే చెప్తారు, కానీ ఏడాది నిండని బిడ్డకి మేకపాలు పట్టకూడదు. 100 గ్రాముల ఆవుపాలలో ఫోలేట్ (రక్తానికి అవసరమైన ఒక బి విటమిన్, ఫోలిక్ యాసిడ్ అన్నా అదే) 5 మైక్రోగ్రాముల దాకా ఉంటే మేకపాలలో 1 మైక్రోగ్రామే ఉంటుంది, బి12 కూడా తక్కువే. ఈ రెండూ లేకపోతే బిడ్డకి రక్తహీనత వస్తుంది. పైగా మాంసకృత్తులు, లవణాలు ఎక్కువై ఆ లేత కిడ్నీల మీద భారం పడుతుంది. నీళ్లు కలిపి పల్చన చేస్తే సరిపోతుందా అంటే, అప్పుడు బలం తగ్గిపోతుంది, లోపం అలాగే ఉంటుంది. పిల్లల డాక్టరుని అడిగి ఫార్ములా పాలు పట్టండి. గర్భిణులు కాచిన పాలు తాగొచ్చు, డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రం ఆపొద్దు.

ఆవుపాలు పడని వాళ్లకి మేకపాలు పడతాయా? ఇక్కడ రెండు వేరువేరు సమస్యలున్నాయి. ఆవుపాల ప్రోటీన్ అలర్జీ ఉంటే, అంటే దద్దుర్లు, వాంతులు, ఆయాసం వచ్చేవాళ్లు, మేకపాలు కూడా ముట్టుకోవద్దు, ఎందుకంటే రెండింటి ప్రోటీన్లకీ పోలిక చాలా ఎక్కువ, చాలామందికి రెండూ పడవు. లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) పడక కడుపు ఉబ్బరించే వాళ్లకీ పెద్ద తేడా ఉండదు, లాక్టోజ్ కొంచెమే తక్కువ. అలా కాకుండా ఆవుపాలు, గేదెపాలు తాగితే ఊరికే బరువుగా అనిపించే వాళ్లు ప్రయత్నించొచ్చు. మేకపాల కొవ్వు కణాలు చిన్నవి, పొట్టలో విరిగే పెరుగు ముక్క కూడా మెత్తగా ఉంటుంది, అందుకే కొందరికి తేలిగ్గా ఉంటాయి. మొదటి రోజు అరగ్లాసుతో మొదలుపెట్టండి. 100 గ్రాముల్లో సుమారు 130 మిల్లీగ్రాముల కాల్షియం, మూడున్నర గ్రాముల ప్రోటీన్ ఉంటాయి, పొటాషియం కూడా బాగానే ఉంటుంది, కాబట్టి కిడ్నీ జబ్బున్న వాళ్లు డాక్టరుని అడిగే తాగాలి.

వంటింట్లో వాడేటప్పుడు గేదెపాల లెక్క పెట్టుకోకండి. తోడు పెడితే పెరుగు పల్చగా వస్తుంది, మీ తప్పేం లేదు, ఆ పాల తత్వమే అంత. గట్టిగా కావాలంటే పాలు కాస్త ఇగిరేదాకా మరిగించి తోడు పెట్టండి, లేదా తోడుకున్నాక గుడ్డలో మూట కట్టి నీళ్లు కారనివ్వండి. ఆ గట్టి పెరుగులో ఉప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి జొన్నరొట్టెతో తినండి, చాలా బాగుంటుంది. మీగడ కోసం ఎదురుచూడకండి, ఈ పాల మీద అది త్వరగా తేలదు. పెరుగు చిలికితే వెన్న వస్తుంది గానీ తెల్లగా ఉంటుంది, మేక ఒంట్లో పసుపు రంగునిచ్చే కెరోటిన్ అంతా విటమిన్ ఎగా మారిపోవడం వల్ల పసుపు రంగు రాదు. పాలు విరగ్గొట్టి పనీర్ చేస్తే మెత్తగా పొడిపొడిగా ఉంటుంది, ముక్కలుగా కోసే కూరకి కాకుండా బుర్జీకి వాడుకోండి.

మేకలు పెంచే వాళ్లకి ఒక్క జాగ్రత్త చెప్పాలి. మేకకి నెలలు నిండకుండా గర్భం పోతే అది పైన చెప్పిన బ్రూసెల్లోసిస్ వల్ల కావచ్చు, కాబట్టి ఆ పిల్లనీ, మాయనీ ఒట్టి చేతులతో తీయొద్దు, చేతులకి తొడుగులు వేసుకుని లోతైన గుంటలో సున్నం చల్లి పూడ్చండి, కుక్కల్ని దగ్గరికి రానివ్వకండి. పశువుల డాక్టరుతో ఆ మేకకి రక్తపరీక్ష చేయించేదాకా దాని పాలు ఇంట్లోకీ తేవద్దు, ఎవరికీ అమ్మొద్దు.