దెబ్బ తగిలిన క్షణంలోనే దీపం వెలగాలంటే

బంతి నేలను తాకగానే లోపలి ఎల్‌ఈడీలు వెలిగేలా ఆర్డుయినో (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు)తో పరికరం చేసుకునేవారు సాధారణంగా లూప్‌లో త్వరణ విలువలను పదేపదే చదువుతూ, మధ్యలో డిలే (ప్రోగ్రామును కాసేపు ఆపి ఉంచే ఆదేశం) వాడతారు. తాకిడి కొన్ని మిల్లీసెకన్లలోనే ముగుస్తుంది కనుక, ఆ డిలే నడుస్తుండగా తగిలిన దెబ్బ ప్రోగ్రాముకు తెలియనే తెలియదు.

ఏడీఎక్స్‌ఎల్345 వంటి, త్వరణాన్ని కొలిచే సెన్సర్ తాకిడిని తానే గుర్తించగలదు. దాని ట్యాప్ (చిన్న దెబ్బ) పరిమితి రిజిస్టరులో (అమరిక విలువను దాచే గడిలో) ఒక్కో అంకె 62.5 మిల్లీ-జీకి సమానం కాబట్టి 48 రాస్తే 3 జీ (భూమి గురుత్వ త్వరణానికి మూడు రెట్లు) అవుతుంది. వ్యవధి రిజిస్టరులో ఒక్కో అంకె 625 మైక్రోసెకన్లు కాబట్టి 16 రాస్తే 10 మిల్లీసెకన్లు అవుతుంది. అయితే త్వరణం ఆ వ్యవధిలోపే పరిమితి కిందికి దిగితేనే సెన్సర్ దానిని ట్యాప్‌గా లెక్కిస్తుంది. మెత్తని బంతిలో తాకిడి ఎక్కువసేపు సాగుతుంది కనుక వ్యవధిని పెంచవలసి ఉంటుంది. చాలామంది పరిమితితోనే కుస్తీ పడతారు గానీ, నా దృష్టిలో అసలు చిక్కు ఈ వ్యవధిలోనే ఉంది.

తాకిడి జరగగానే బోర్డుకు సంకేతం పంపే సెన్సర్ ఇంటరప్ట్ పిన్‌ను ఆర్డుయినో ఊనో బోర్డులో 2 లేదా 3వ పిన్‌కు కలిపి, ఆ సంకేతం రాగానే నడిచే ఇంటరప్ట్ ఫంక్షన్‌లో ఒక గుర్తు (తాకిడి జరిగిందని చెప్పే వేరియబుల్) మాత్రమే మార్చి, లూప్‌లో దాన్ని చూసి దీపం వెలిగించి, దీపం ఆర్పే సమయాన్ని, గడిచిన మిల్లీసెకన్లను చెప్పే మిల్లిస్‌తో లెక్కించండి. ప్రతి తాకిడి తరువాత ఇంటరప్ట్ మూలం రిజిస్టరును చదవడం మరువకండి. చదవకపోతే ఆ పిన్‌పై సంకేతం అలాగే నిలిచిపోయి, రెండో దెబ్బకు దీపం వెలగదు.