హిస్టమిన్ విడుదల కావడం లేదా? ముందు కణాల శక్తి సంగతి చూడండి

లక్షణం ఎప్పుడూ ఒకటే. ఎలుక పొట్ట కుహరంలోంచి తీసిన మాస్ట్ కణాలకు (అలర్జీలో హిస్టమిన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు) ఐజీఈ అనే యాంటీబాడీ పట్టించి, అది గుర్తుపట్టే యాంటిజన్ కలుపుతారు, హిస్టమిన్ దాదాపు రాదు. చచ్చిన కణాలకే అంటే ట్రైపాన్ బ్లూ రంగు వేసి చూస్తే కణాలు బతికే ఉంటాయి. ట్రైటాన్ అనే డిటర్జెంటుతో పగలగొడితే లోపల హిస్టమిన్ నిండుగా కనిపిస్తుంది. తిరుపతిలో పరిశోధక విద్యార్థులు ఈ ఫిర్యాదు తెచ్చినప్పుడల్లా నేను అడిగేది ఒక్కటే: అయానోఫోర్ కలిపిన పరీక్ష గొట్టం పెట్టారా? పెట్టలేదనే చెబుతారు. అది పెట్టకుండా యాంటీబాడీ మార్చడం, కణాలు మార్చడం, చివరికి గైడును మార్చాలనుకోవడం.

ఏ23187 అనే అయానోఫోర్, కణం మీద ఐజీఈ అతుక్కునే రిసెప్టర్‌తో పని లేకుండా కాల్షియాన్ని నేరుగా కణంలోకి పంపుతుంది. దానికి హిస్టమిన్ వచ్చి యాంటిజన్‌కు రాకపోతే లోపం ఐజీఈలోనో, యాంటిజన్ మోతాదులోనో ఉంది. మోతాదు మరీ ఎక్కువైనా విడుదల తగ్గుతుందని గుర్తుంచుకోండి. రెండింటికీ రాకపోతే బఫర్‌లో (కణాలను ఉంచే ద్రావణంలో) కాల్షియం ఉందో లేదో, గొట్టంలో వేడి 37 డిగ్రీలు ఉందో లేదో చూడండి. బయట ఎండ 42 డిగ్రీలున్నా ఏసీ గదిలో బల్ల మీద పెట్టిన గొట్టం చల్లగానే ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక వాటర్ బాత్ మళ్లీ ఆన్ అయిందో లేదో చూసేవారు తక్కువ.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా రాకపోతే అసలు దొంగ శక్తి దగ్గర ఉంటాడు.

హిస్టమిన్ గుళికలు బయటకు తెరుచుకోవడానికి కణం ఇంధనమైన ఏటీపీ కావాలి. రిసెప్టర్ సంకేతాన్ని లోపలికి చేరవేసే లిన్, సిక్ కైనేజులు అనే ఎంజైములు ఫాస్ఫేటును తెచ్చుకునేది దాని నుంచే. కాల్షియం నేరుగా లోపలికి వెళ్లినా ఏటీపీ లేని కణం స్పందించదు, అందుకే అయానోఫోర్ కూడా విఫలమవుతుంది. ఆ ఏటీపీ రెండు దారుల్లో వస్తుంది: ఆక్సిజన్‌తో పనిచేసే మైటోకాండ్రియా, గ్లూకోజును విరిచే గ్లైకోలిసిస్. ఎలుక మాస్ట్ కణాల్లో గ్లూకోజు లేకపోయినా మైటోకాండ్రియా లోపలి నిల్వలతో కొంతసేపు నెట్టుకొస్తుంది. ఆంటిమైసిన్ అనే విషంతో మైటోకాండ్రియాను ఆపినా, గ్లూకోజు ఉంటే విడుదల చాలావరకు నిలబడుతుంది. ఒక దారి మూసుకుపోయినట్టు మీకు తెలియనే తెలియదు. రెండూ మూసుకున్న రోజు అంతా ఆగిపోతుంది. ఒక వారం పనిచేసి మరో వారం పనిచేయని ప్రయోగాల గుట్టు తరచూ ఇదే.

మైటోకాండ్రియాను మూసేది ఎవరు? యాంటీబాడీ సీసాలో పాడవకుండా కలిపిన సోడియం అజైడ్. అది మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును పట్టేస్తుంది. చాలా సీసాల్లో 0.1 శాతం దాకా ఉంటుంది, అంటే సుమారు 15 మిల్లీమోలార్. వెయ్యి రెట్లు పలచన చేస్తే 15 మైక్రోమోలార్, పెద్దగా భయం లేదు. యాంటిజన్‌కు బదులు ఐజీఈకి అతుక్కుని కణాన్ని కదిలించే యాంటీ-ఐజీఈని పది రెట్లే పలచన చేస్తే 1.5 మిల్లీమోలార్ మిగులుతుంది, అది చాలు. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, చదవరు. గ్లూకోజు సంగతీ అంతే. వేశామని కాణిపాకంలో ప్రమాణం చేయనక్కర్లేదు, తూకం రాసిన పుస్తకం చూపిస్తే చాలు.

పరిష్కారం కష్టమేమీ కాదు. అజైడ్ చిన్న అణువు కాబట్టి యాంటీబాడీని సన్నని రంధ్రాల పొర గుండా డయాలిసిస్ చేయండి, లేదా అజైడ్ లేనిదే కొనండి. బఫర్‌లో లీటరుకు ఒక గ్రాము గ్లూకోజు ఏ రోజుకారోజు కలపండి. కలిపి నిల్వ ఉంచితే సూక్ష్మజీవులు మీ కంటే ముందే తినేస్తాయి. యాంటీబాడీ లేకుండా అంతే మోతాదు అజైడ్ వేసి, అయానోఫోర్ కలిపిన గొట్టం ఒకటి పక్కన పెట్టండి. అందులోనూ విడుదల పడిపోతే దొంగ దొరికినట్టే.

ఈ పొరపాటు పెద్ద నష్టం చేసేది మొక్కల సారాలతో పనిచేసేవారికి. శేషాచలం మొక్క సారం వేయగానే హిస్టమిన్ తగ్గింది, కాబట్టి అలర్జీకి మందు దొరికిందని రాసేస్తారు. ఆ సారం మైటోకాండ్రియాకు విషమైతే? కణం శక్తి లేక చేతులెత్తేసిందంతే. గ్లూకోజు ఉన్న బఫర్‌లో, లేని బఫర్‌లో రెండు విధాలా చేయండి. గ్లూకోజు ఇస్తే విడుదల తిరిగి వచ్చిందంటే దెబ్బ మైటోకాండ్రియా మీద పడిందని అనుమానించాలి. రాకపోయినా సారం నిర్దోషి అని తేలదు, గ్లైకోలిసిస్‌ను ఆపి ఉండవచ్చు. అందుకే అదే కణాల్లో ఏటీపీ ఉంటే వెలుగునిచ్చే లూసిఫెరేజ్ అనే ఎంజైము పద్ధతితో ఏటీపీని కొలవండి. కొన్ని సారాలు లూసిఫెరేజ్‌నే అణచేస్తాయి కాబట్టి తెలిసిన మోతాదు ఏటీపీ కలిపి సరిచూసుకోండి. ఏటీపీ నిలకడగా ఉండి హిస్టమిన్ మాత్రమే తగ్గితే అప్పుడు రాయండి, నేనూ చదువుతాను.

మాస్ట్ కణాలకు బదులు ప్రయోగశాలలో పెంచి వాడే ఆర్‌బీఎల్-2హెచ్3 వంటి కణాలు మరీ ఎక్కువ తరాలు మారి ఉండటం, మైకోప్లాస్మా అనే బాక్టీరియా సోకడం కూడా కారణాలే. పైవన్నీ తేలాక చూడండి, ముందు కాదు. పారేసే అజైడ్ ద్రవాన్ని మాత్రం సింకులో పోయకండి. రాగి, సీసం గొట్టాల్లో పేలే లవణాలు తయారవుతాయి.